కుక్క విశ్వాసం సరే, మన విశ్వాసం సంగతేంటి?

ఈ ఎపిసోడ్ మా సీతమ్మధారలో, మా మేడ మీద రికార్డ్ చేస్తున్నా. మధ్యలో కింద నుంచి కుక్కల అరుపులు వినిపిస్తే, ఎడిటింగ్‌లో ఎందుకు తీసెయ్యలేదని అడక్కండి. ఈ రోజు టాపిక్ వాటిదే. వాటికీ మాట్లాడే హక్కుంది.

"కుక్కకున్న విశ్వాసం కూడా మనిషికి లేదు." ఈ మాట విననివాళ్ళు ఉండరు. ఆటోల వెనకాల రాయిస్తారు, వాట్సాప్ స్టేటస్ పెడతారు, అప్పు తీసుకుని ఫోన్ ఎత్తని ఫ్రెండ్‌ని తిట్టడానికి వాడతారు. ఆ మాటలో కుక్క ఉంటుంది గానీ, నిజానికి ఎవరూ కుక్క గురించి ఆలోచించి ఆ మాట అనరు. మనుషుల్ని దెప్పడానికి మధ్యలో కుక్కని తెచ్చుకుంటాం, అంతే. ఈ రోజు మనం ఆ మాటని ఉన్నది ఉన్నట్టు తీసుకుందాం. మనల్ని నమ్ముకున్న కుక్క పట్ల మనకి విశ్వాసం ఉందా?

మూడు విషయాలు మాట్లాడతా. ఒకటి, కుక్క విశ్వాసం నిజమేనా, లేక తిండి కోసం చేసే యాక్టింగా? రెండు, మన పాత కథలు దీని గురించి అసలు ఏం చెప్పాయి? మూడు, ఇల్లు మారేటప్పుడు, ఊరు మారేటప్పుడు మనం కుక్కని ఏం చేస్తున్నాం? వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి ఈ మూడోది బాగా తగులుతుంది. ఎందుకంటే మనది ట్రాన్స్‌ఫర్ల ఊరు. నేవీ, స్టీల్ ప్లాంట్, పోర్టు, రైల్వే, బ్యాంకులు. ఇవి చాలవన్నట్టు ప్రతి రెండో ఇంట్లో ఒకరు హైదరాబాదో, బెంగళూరో, అమెరికానో వెళ్ళడానికి రెడీగా ఉంటారు.

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. తెలుగులో విశ్వాసం అంటే రెండు అర్థాలు. నేను నిన్ను నమ్మడం ఒకటి. నువ్వు పెట్టింది తిన్నాను కాబట్టి నిన్ను మర్చిపోకుండా ఉండటం రెండోది. ఉప్పు తిన్న విశ్వాసం అంటాం చూడండి, అదన్నమాట. కుక్క దగ్గర మనం పొగిడేది ఈ రెండోదాన్నే. అంత పొగిడే మనమే తిట్టాల్సి వస్తే మళ్ళీ కుక్క దగ్గరికే వెళ్తాం. కుక్క బతుకు, కుక్క చావు, కుక్క తోక వంకర. చిన్నప్పుడు బళ్ళో చదువుకున్న సుమతీ శతకంలో కూడా బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టినా కుక్క బుద్ధి మారదనే ఉంటుంది. ఇంకోపక్క అదే కుక్క కాలభైరవుడి వాహనం. మన సింహాచలం కొండల్లో భైరవవాక గుడికి అమావాస్యకి వెళ్ళే జనంలో, వీధిలో కుక్క కనిపిస్తే రాయి తీసేవాళ్ళు కూడా ఉంటారు కదా. గుడిలో దండం, వీధిలో రాయి. మన సంబంధం అలాంటిది.

సరే, సైన్స్‌లోకి వద్దాం. "అదంతా తిండి కోసమే బాస్, నువ్వు బిస్కెట్ మానేయ్, రేపట్నుంచి నీ మొహం కూడా చూడదు" అని వాదించేవాడు ప్రతి ఫ్రెండ్స్ గ్యాంగ్‌లో ఒకడుంటాడు. వాడి ప్రశ్న తప్పు కాదు. శాస్త్రవేత్తలు కూడా అదే అడిగారు.

పసిపిల్లలకి తల్లితో ఎంత అనుబంధం ఉందో చూడటానికి సైకాలజీలో ఒక పాత పరీక్ష ఉంది. కొత్త గదిలో పిల్లని, తల్లిని ఉంచుతారు. తర్వాత ఒక కొత్త మనిషి వస్తారు. తల్లి బయటికి వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. పిల్ల ఏం చేస్తుందో రాసుకుంటారు. 1998లో హంగరీ శాస్త్రవేత్తలు ఇదే పరీక్ష కుక్కలకి పెట్టారు. యజమాని గదిలో ఉన్నంతసేపూ కుక్కలు ధైర్యంగా తిరిగాయి, ఆడుకున్నాయి. యజమాని బయటికి వెళ్ళగానే ఆట ఆపేసి తలుపు దగ్గర నిలబడ్డాయి. పక్కన కొత్త మనిషి ఉన్నా సరే. పసిపిల్లలు చేసేదీ దాదాపు ఇదే.

2015లో జపాన్ వాళ్ళ పరిశోధన ఒకటి "సైన్స్" పత్రికలో వచ్చింది. కుక్కా, యజమానీ ఒకరి కళ్ళలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్న జంటల్లో ఇద్దరికీ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరిగింది. తల్లీబిడ్డల బంధంలో పనిచేసేది ఇదే హార్మోన్. మనుషుల దగ్గర పెరిగిన తోడేళ్ళతో చేసి చూస్తే అలా జరగలేదు. అమెరికాలో ఎమొరీ యూనివర్సిటీ వాళ్ళయితే కుక్కలకి ఎమ్మారై మెషిన్‌లో కదలకుండా పడుకోవడం నేర్పించారు. మనం మనుషులమే అందులో కదలకుండా ఉండలేం! రకరకాల వాసనలు చూపిస్తే, మెదడులో సంతోషానికి, ఆశకి సంబంధించిన భాగం ఎక్కువగా స్పందించింది తెలిసిన మనిషి వాసనకి.

"అవన్నీ ఫారిన్ కుక్కలు" అంటారా? కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర గారి టీమ్ ఏళ్ళ తరబడి మన వీధి కుక్కల మీదే పనిచేస్తోంది. ఒక ప్రయోగంలో కొన్ని కుక్కలకి తిండి పెట్టారు, కొన్నింటికి తల నిమిరారు. రోజులు గడిచేకొద్దీ, కొత్త మనిషి మీద నమ్మకం పెంచడంలో తిండి కంటే నిమరడమే ఎక్కువ పనిచేసింది. ఎవరూ లేని వీధి కుక్క, ఆకలితో ఉండే కుక్క. దానికి కూడా చెయ్యి తలమీద పడటం అంత విలువైనది.

కాబట్టి తిండి ఒక భాగం, అంతే. కానీ దీంట్లో ఇంకో విషయం ఉంది, మనం పెద్దగా పట్టించుకోనిది. పిల్ల తల్లిని ఎలా ఎంచుకోదో, కుక్క కూడా యజమానిని మార్కులు వేసి ఎంచుకోదు. మంచివాడా, చెడ్డవాడా, జీతం ఎంత, రేపు వదిలేసి పోతాడా, ఇవేవీ అడగదు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినన్నాళ్ళూ చూశాను, మనం టెర్మ్స్ అండ్ కండిషన్స్ చదవకుండా "ఐ అగ్రీ" నొక్కేస్తాం కదా. కుక్క అలా జీవితం మొత్తానికి నొక్కేస్తుంది. ఎగ్జిట్ క్లాజ్ మాత్రం మన దగ్గరే ఉంటుంది.

కుక్క విశ్వాసం అనగానే ప్రపంచమంతా చెప్పే పేరు హచికో. రిచర్డ్ గేర్ సినిమా చూసి ఏడ్చినవాళ్ళు కామెంట్ పెట్టండి, సిగ్గుపడాల్సిన పన్లేదు. కథ మీకు తెలుసు, క్లుప్తంగా చెప్తా. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో ఉవెనో అనే వ్యవసాయశాస్త్ర ప్రొఫెసర్. ఆయన కుక్క హచికో, 1923లో పుట్టిన అకితా జాతి కుక్క. రోజూ షిబుయా స్టేషన్‌లో ఆయన కోసం ఎదురుచూసేది. 1925 మే 21న ప్రొఫెసర్ యూనివర్సిటీలోనే చనిపోయారు. హచికో 1935 మార్చి 8న చనిపోయేదాకా, దాదాపు పదేళ్ళు, స్టేషన్‌కి వస్తూనే ఉంది.

రీల్స్‌లో రాని భాగం ఇది. మొదటి ఏళ్ళల్లో ఆ స్టేషన్‌లో హచికోని ఎవరూ ముద్దు చెయ్యలేదు. అడ్డమని తరిమారు, కొట్టారు. 1932లో ఒక పెద్ద పేపర్లో దాని గురించి వార్త వచ్చాక అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. 1934లో విగ్రహం కూడా పెట్టేశారు, ఆవిష్కరణకి హచికోనే గెస్టు! చనిపోయాక పరీక్ష చేస్తే కడుపులో మాంసం కాల్చి గుచ్చే పుల్లలు దొరికాయి. "చూశారా, స్టేషన్ దగ్గర చికెన్ ముక్కల కోసం వచ్చింది" అని కొందరు ఎగతాళి చేశారు. తినడానికి కూడా వచ్చి ఉండొచ్చు. ఆకలేసిన ప్రాణి తింటుంది. ఇన్నేళ్ళుగా మనం హచికో నిజాయితీ మీద ఎంక్వయిరీ వేశాం గానీ, పేపర్లో వచ్చేదాకా దాన్ని కొట్టినవాళ్ళ మీద ఎంక్వయిరీ వెయ్యలేదు. పైగా ఉవెనో గారు హచికోని వదిలేసి వెళ్ళలేదు. చనిపోయారు. ఆ తేడా గుర్తుపెట్టుకోండి, దాని అవసరం వస్తుంది.

మన దేశంలో కూడా ఉంది. 2020 ఆగస్టులో కేరళలో మున్నార్ దగ్గర పెట్టిముడిలో కొండచరియ విరిగిపడి తేయాకు తోట కార్మికుల లయన్లు మట్టిలో కలిసిపోయాయి. 70 మంది పోయారు. అక్కడ కువి అనే ఒక మామూలు కుక్క రోజుల తరబడి తిరిగింది. నది దగ్గర ఒకచోట నీళ్ళ వైపే చూస్తూ నిలబడింది. అనుమానం వచ్చి వెతికితే, రోజూ దానితో ఆడుకునే రెండేళ్ళ పాప దొరికింది, ప్రాణం లేకుండా. తర్వాత కువిని పోలీసు డాగ్ స్క్వాడ్ వాళ్ళు చేరదీశారు.

సరే, మన వీధికి వద్దాం. ఇక్కడ రైతుబజార్ నుంచి మా ఇంటికి వచ్చే దారిలో ఒక గేటు ఉంది. అక్కడ అద్దెకున్న ఫ్యామిలీకి ట్రాన్స్‌ఫర్ అయింది. లారీ వచ్చింది, సోఫా ఎక్కింది, వాషింగ్ మెషిన్ ఎక్కింది, తులసి కోట కూడా ఎక్కింది. బ్రూనో ఎక్కలేదు. బ్రూనో అంటే వాళ్ళ లాబ్రడార్, ఎనిమిదేళ్ళ వయసు. వాచ్‌మన్‌కి ఒక బియ్యం బస్తా, కొంత డబ్బు ఇచ్చి "చూసుకో" అని వెళ్ళిపోయారు. ఆయనది విజయనగరం వైపు. ఒకరోజు ఆగి, "ఏంటి బాబాయ్, ఇలా చిక్కిపోయింది?" అని అడిగాను.

"ఏటి సేస్తాం బాబూ, ఆళ్ళు ఎల్లిపోనారు. ఇది గేటు కాడే కూకుంతాది. అన్నం ఎడితే ముట్టదు. తెల్ల కారు ఏదొచ్చినా లెగిసి నిలబడిపోద్ది. ఆ కారు ఆగకపోతే మళ్ళీ కూలబడిపోద్ది. సూడ్డానికి మనకే ఏటోలా ఉంటాది" అన్నాడు.

మూడు వారాలు. తర్వాత రెండు వీధుల అవతల ఉండే రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడ బ్రూనోని తీసుకెళ్ళారు. మొదట్లో గొలుసు తెంపుకుని మళ్ళీ ఆ గేటు దగ్గరికే వచ్చేసేది. ఆవిడ కోప్పడలేదు. రోజూ సాయంత్రం ఆవిడే దాన్ని ఆ గేటు దాకా నడిపించుకొచ్చి, కాసేపు కూర్చోనిచ్చి, "పద నాన్నా, ఇంటికెళ్దాం" అని తీసుకెళ్ళేవారు. నెల తిరిగేసరికి బ్రూనోనే ముందు లేవడం మొదలుపెట్టింది.

ఆ ఫ్యామిలీ రాక్షసులు కాదు. ఎనిమిదేళ్ళు బాగానే చూసుకున్నారు, బర్త్‌డేకి కేక్ కూడా కోసేవారట. కొత్త ఊళ్ళో ఇంటి ఓనరు కుక్క వద్దన్నాడట. చాలా ఇళ్ళల్లో జరిగేది ఇదే. కుక్కని వదిలేసేవాళ్ళలో చాలామంది దాన్ని ప్రేమించినవాళ్ళే. అందుకే ఈ ఎపిసోడ్. ప్రేమ ఉన్నంత మాత్రాన విశ్వాసం ఉన్నట్టు కాదు. లారీ వచ్చిన రోజు తెలుస్తుంది అది.

ఈ పాయింట్‌ని మనవాళ్ళు ఎప్పుడో పట్టుకున్నారు. ఎక్కడంటారా? మహాభారతంలో. తెలుగులో తిక్కన గారు 13వ శతాబ్దంలో రాసిన భాగంలో వస్తుంది, మహాప్రస్థానిక పర్వం. అందరూ దీన్ని "ధర్మరాజు వెనకాల చివరిదాకా వెళ్ళిన విశ్వాసమైన కుక్క" కథలా చెప్తారు. నేను కూడా అలాగే విన్నాను. కానీ కథలో జరిగేది జాగ్రత్తగా చూడండి.

పాండవులు అయిదుగురు, ద్రౌపది అన్నీ వదిలేసి హిమాలయాల వైపు బయల్దేరతారు. దారిలో ఒక కుక్క వాళ్ళ వెనకాల పడుతుంది. అది వాళ్ళు పెంచుకున్న కుక్క కాదు, పేరు కూడా లేదు. ముందు ద్రౌపది పడిపోతుంది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు. చివరికి ధర్మరాజు, కుక్క మిగుల్తారు. అప్పుడు ఇంద్రుడు రథం తెస్తాడు. ఎక్కు, స్వర్గానికి వెళ్దాం అంటాడు. ధర్మరాజు ఈ కుక్క కూడా వస్తుంది అంటాడు. ఇంద్రుడు కుదరదు అంటాడు. స్వర్గంలో కుక్కలకి చోటు లేదు, నో పెట్స్. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లాగే!

ఇక్కడ వాదన మొదలవుతుంది. నన్ను నమ్ముకుని వచ్చినదాన్ని నా సుఖం కోసం వదల్లేను, అది మహాపాపం అంటాడు ధర్మరాజు. ఇంద్రుడు గట్టి లాజిక్ తీస్తాడు. తమ్ముళ్ళని వదిలేశావు, భార్యని వదిలేశావు, ఈ కుక్క దగ్గర ఎందుకింత పట్టుదల? దీనికి ధర్మరాజు చెప్పే జవాబు చూడండి. వాళ్ళు చనిపోయారు. చనిపోయినవాళ్ళని నేను బతికించలేను. బతికుండగా నేను వాళ్ళని వదల్లేదు. ఇది బతికి ఉంది. ఇదీ ఆ జవాబు సారం.

ఇందాక ఒక తేడా గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఇదే అది. చనిపోయి విడిపోవడం వేరు, బతికుండగా వదిలెయ్యడం వేరు.

తర్వాత ఏమైందో తెలుసు కదా. ఆ కుక్క యమధర్మరాజు. పరీక్ష పెట్టడానికి వచ్చాడు. పరీక్ష ఎవరికి? కుక్కకి కాదు. ఆ కథ మొత్తంలో కుక్క చేసేది ఏమీ లేదు, వెనకాల నడుస్తుంది, అంతే. నిలబడాల్సింది మనిషి. అంటే మన సంస్కృతిలో కుక్క విశ్వాసం గురించి చెప్పుకునే అతి పెద్ద కథ, నిజానికి మనిషి విశ్వాసం గురించిన కథ. దాన్ని మనం తిరగేసి చెప్పుకుంటూ వస్తున్నాం. అలా చెప్పుకుంటే మనకి హాయి కదా, పరీక్ష మనది కాదు అనిపిస్తుంది.

మన పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో బాలోద్ జిల్లా ఖప్రీ అనే ఊళ్ళో కుకుర్‌దేవ్ అని ఒక గుడి ఉంది. కుక్క పేరు మీద గుడి. అక్కడ చెప్పుకునే కథ ఇది. ఒక బంజారా షావుకారు దగ్గర అప్పు తీసుకుని తన కుక్కని తాకట్టు పెట్టాడు. షావుకారు ఇంట్లో దొంగతనం జరిగితే, దొంగలు సొమ్ము దాచిన చోటుకి ఆ కుక్కే తీసుకెళ్ళి చూపించింది. షావుకారు సంతోషించి, అప్పు తీరిపోయినట్టే అని చీటీ రాసి కుక్క మెడకి కట్టి పంపించేశాడు. దూరం నుంచి వస్తున్న కుక్కని చూసి, నా మాట పోయేలా పారిపోయి వచ్చేసిందని బంజారా కర్రతో కొట్టి చంపేశాడు. తర్వాత చీటీ చూశాడు. అప్పుడు కట్టిన గుర్తే ఆ గుడి అంటారు. మన పంచతంత్రంలో ముంగిస కథ ఇదే కదా. వేల్స్ దేశంలో గెలెర్ట్ అనే వేటకుక్క కథ కూడా ఇదే. ఇన్ని దేశాల్లో ఇదే కథ తిరుగుతోంది. ప్రతిదాంట్లోనూ కుక్క పాస్, మనిషి ఫెయిల్. తర్వాత గుడి. బతికుండగా చూసుకోలేనివాళ్ళం పోయాక విగ్రహాలు బాగా కడతాం.

అలాగని మనుషులందరూ ఫెయిలే అనుకోకండి. జర్మనీలో బాన్ దగ్గర ఒబెర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక సమాధి బయటపడింది. సుమారు 14 వేల ఏళ్ళ కిందటిది. ఒక మగమనిషి, ఒక స్త్రీ, పక్కన కుక్కపిల్ల. దాని పళ్ళు పరీక్షిస్తే ఏం తేలిందంటే, ఆ పిల్లకి డిస్టెంపర్ అనే జబ్బు చేసింది. ఇప్పటికీ కుక్కపిల్లల్ని చంపేసే జబ్బు అది. అయినా అది కొన్ని వారాలు బతికింది. ఎవరో నీళ్ళు తాగించి, శుభ్రం చేసి, వెచ్చగా ఉంచితే తప్ప అన్నాళ్ళు బతకదని శాస్త్రవేత్తల అంచనా. వేటకి పనికిరాదు, కాపలాకి పనికిరాదు. మంచుయుగం చివర, తిండికి వాళ్ళకే కష్టమైన రోజుల్లో, ఎవరో దాన్ని చూసుకున్నారు. పోయాక తమవాళ్ళతో పాటు పాతిపెట్టారు. అంటే మనకి కూడా ఈ విశ్వాసం కొత్త కాదు.

ఇక్కడ కొంతమందికి కోపం వస్తుంది. "అన్నా, నువ్వు మేడ మీద కూర్చుని కథలు చెప్తున్నావు, కింద రాత్రి పదకొండుకి బైక్ మీద వస్తే వెంటపడుతున్నాయి" అని. న్యాయమైన కోపం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుని వీధి కుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసిన ఎవరికీ కుక్క విశ్వాసం గురించి లెక్చర్ ఇవ్వకూడదు. 2024లో దేశంలో నమోదైన కుక్కకాట్లు 37 లక్షలకు పైనే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. కాబట్టి కుక్క కరిచినా, గీరినా వెంటనే సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి, అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళండి, డోసులన్నీ పూర్తి చేయండి. పసుపు, కారం పూసుకుని ఇంట్లో కూర్చోవద్దు.

కానీ వీధి కుక్కల సమస్యకీ, మన టాపిక్‌కీ ఒక లింకు ఉంది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. దేశమంతా గొడవయింది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని మార్చింది. ఆపరేషన్ చేసి, వ్యాక్సిన్ వేసి, పట్టుకున్న చోటే వదలాలి, రేబిస్ ఉన్నవి, దాడి చేసే స్వభావం ఉన్నవి మాత్రం వదలకూడదు, తిండి పెట్టడానికి ప్రత్యేకమైన చోట్లు ఉండాలి అంది. నవంబర్‌లో స్కూళ్ళు, హాస్పిటళ్ళు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసెయ్యమంది. టీవీల్లో డాగ్ లవర్స్ వర్సెస్ డాగ్ హేటర్స్ అని డిబేట్లు. ఆ డిబేట్లలో పెద్దగా వినపడని మాట ఒకటుంది. ఇంట్లో పెంచి వీధిలో వదిలేసిన ప్రతి కుక్కా ఆ లెక్కలో చేరుతుంది. ఆపరేషన్ చేయించకుండా వదిలేస్తే దాని పిల్లలు కూడా చేరతాయి. వీధి కుక్కల మీద కంప్లైంట్ పెట్టే కాలనీలోంచే హస్కీ ఒకటి బీచ్ రోడ్డు మీద కనిపిస్తుంటే, సమస్య మున్సిపాలిటీ ఒక్కదానిదే ఎలా అవుతుంది?

చట్టం ఏమంటుందో చూద్దాం. జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించే చట్టం, 1960. సరైన కారణం లేకుండా జంతువుని ఆకలిదప్పులకి వదిలెయ్యడం నేరం. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు. అవును, యాభై. ఆర్కే బీచ్‌లో ఒక ప్లేటు మురీ మిక్చర్‌కి అంత అవుతుంది. 1960లో అది డబ్బే, ఇప్పుడు కాదు. కాబట్టి చట్టం మనల్ని ఆపుతుందని అనుకోవద్దు. మనల్ని మనమే ఆపుకోవాలి.

సరే, ఏం చెయ్యాలి? పనికొచ్చేవి చెప్తా, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, తెచ్చుకునే ముందు. కుక్క పది, పన్నెండేళ్ళు బతుకుతుంది, కొన్ని ఇంకా ఎక్కువ. మీకు ఇప్పుడు ఇరవై రెండయితే, అది మీ ఉద్యోగం, మీ పెళ్ళి, మీ పిల్లలు, రెండు మూడు ఇళ్ళు, అన్నీ చూస్తుంది. "రీల్‌లో క్యూట్‌గా ఉంది" అనేది పన్నెండేళ్ళకి సరిపోయే కారణం కాదు. ముఖ్యంగా హస్కీ. మంచులో బండి లాగడానికి పుట్టిన ఒంటిని తెచ్చి మన వైజాగ్ ఉక్కపోతలో పెట్టి, కరెంటు బిల్లు వచ్చిందని ఏసీ ఆపేస్తే ఎలా? మన దేశీ కుక్కపిల్లని తీసుకోండి. ఈ ఎండ దానికి తెలుసు.

రెండు, ఊరు మారేటప్పుడు. "తీసుకెళ్ళడం కుదరదు" అనే ముందు నిజంగా కనుక్కోండి. రైల్లో ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ, నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరు మీదే ఉంటే కుక్కని మీతో తీసుకెళ్ళొచ్చు. లేదంటే గార్డు బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్ ఉంటుంది. పార్సిల్ ఆఫీసులో ముందే అడగాలి. అమెరికా వెళ్ళేవాళ్ళకి 2024 ఆగస్టు నుంచి రూల్స్ గట్టిపడ్డాయి. ఇండియా రేబిస్ ఎక్కువున్న దేశాల లిస్టులో ఉంది కాబట్టి మైక్రోచిప్, రేబిస్ వ్యాక్సిన్, రక్తపరీక్ష, అక్కడ దిగగానే చెకప్‌కి బుకింగ్ కావాలి. నెలల ముందు మొదలుపెట్టాలి, ఖర్చు కూడా బాగానే అవుతుంది. కానీ మన వీసాకి ఎన్ని నెలలు తిరుగుతాం? ఎన్ని స్లాట్లు రిఫ్రెష్ కొడతాం?

మూడు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ "పెట్స్ నిషేధం" అంటే భయపడిపోకండి. పెంపుడు కుక్కల్ని పూర్తిగా నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు గైడ్‌లైన్స్ ఉన్నాయి. మర్యాదగా చూపించండి. అలాగే మీ కుక్కకి వ్యాక్సిన్ వేయించి, లిఫ్టులో గొలుసు పట్టుకుని, అది చేసిన కంపు మీరే ఎత్తండి. హక్కు అడిగేవాళ్ళు సంచి కూడా పట్టుకెళ్ళాలి.

నాలుగు, అన్నీ ప్రయత్నించినా నిజంగా కుదరకపోతే. జబ్బులు, అప్పులు, విడాకులు, జీవితంలో ఏవైనా వస్తాయి. అప్పుడు వేరే ఇల్లు చూడటం ద్రోహం కాదు, వాచ్‌మన్‌కి బియ్యం బస్తా ఇచ్చి వెళ్ళిపోవడం ద్రోహం. రెండు మూడు నెలల ముందే మనిషిని వెతకండి. మీరున్నప్పుడే వాళ్ళింటికి నాలుగైదు సార్లు తీసుకెళ్ళండి. అది పడుకునే దుప్పటి, తినే గిన్నె, వ్యాక్సిన్ కార్డు ఇవ్వండి. ఆపరేషన్ చేయించి ఇవ్వండి. వెళ్ళాక ఫోన్ చేసి కనుక్కోండి. వైజాగ్‌లో 1996 నుంచి పనిచేస్తున్న వీఎస్‌పీసీఏ లాంటి సంస్థల్ని సలహా అడగొచ్చు. కానీ వాళ్ళ గేటు ముందు రాత్రికి రాత్రి కట్టేసి పారిపోకండి, అది కూడా వదిలెయ్యడమే.

అయిదు, మనది తుఫాన్ల ఊరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూశాం. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురం గ్యాస్ లీక్‌లో మనుషులతో పాటు పశువులు, కుక్కలు కూడా చనిపోయాయి. అలాంటప్పుడు ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తిన మనిషిని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ ముందే హెచ్చరిక వచ్చే ప్రమాదాలుంటాయి కదా. వీలైతే తీసుకెళ్ళండి. అస్సలు వీలుకాకపోతే కనీసం గొలుసు విప్పేసి వెళ్ళండి. కట్టేసి ఉన్నది ఈదలేదు, పరిగెత్తలేదు.

ఇంకో మాట చెప్పి ఆపేస్తా. కుక్క విశ్వాసానికి ప్రూఫ్ అక్కర్లేదు. షిబుయాలో ఇచ్చింది, పెట్టిముడిలో ఇచ్చింది, మా పక్క వీధి గేటు దగ్గర మూడు వారాలు అన్నం మానేసి ఇచ్చింది. "కుక్కకున్న విశ్వాసం మనిషికి లేదు" అని మళ్ళీ ఎవరైనా అంటే, మీ ఇంట్లో ఉన్న కుక్కకి వచ్చే ఏడాది అడ్రస్ ఏంటో ఒకసారి అడగండి.

మీ ఫ్రెండ్స్‌లో ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చినవాళ్ళు, వీసా స్టాంపింగ్ అయినవాళ్ళు, ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. లారీ వచ్చాక కాదు, ఈ రోజే. మీలో ఎవరైనా కుక్కతో పాటు ఊరు మారి ఉంటే, రైల్లోనో ఫ్లైట్‌లోనో ఎలా తీసుకెళ్ళారు, ఎంత ఖర్చయింది, ఎక్కడ ఇబ్బంది పడ్డారు, కామెంట్స్‌లో రాయండి. చదివేవాళ్ళకి నా మాటల కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.

వచ్చే వారం ఇంకో టాపిక్‌తో కలుద్దాం. ఉంటా మరి.